ఒక్క వాక్యంతో ఫార్సీ

 

ఇంజనీరును కాబట్టి ఆనకట్టల గురించి మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను మాట్లాడబోయేది వ్యాకరణం గురించి. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో, హరీరూద్ నది మీద మన దేశం కట్టించిన సల్మా ఆనకట్ట పనిలో కొంతకాలం ఉన్నాను. 42 మెగావాట్ల విద్యుత్తు, వేల హెక్టార్లకు నీరు, 2016లో ప్రారంభమైంది. అక్కడి పనివాళ్లు మాట్లాడేది దరీ, అంటే అఫ్ఘాన్ల ఫార్సీ. మాకు దుబాసీ ఒక్కడే, పనేమో నాలుగు చోట్ల. "తెరువు" అంటే "బాజ్ కున్". "తెరవకు" అంటే "బాజ్ నకున్". తేడా ఒక్క "న". నీటి గేటు దగ్గర ఆ ఒక్క అక్షరం సరిగా వినబడకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. దుబాసీ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం కదా!

పదాల పట్టికలు నేను బట్టీ పట్టలేదు. మన తెలుగు సారు బోర్డు మీద ఒకే వాక్యం రాసి, కర్త ఏది, కర్మ ఏది, విభక్తి ఎక్కడుంది అంటూ పీరియడంతా దాన్నే విప్పించేవారు, గుర్తుందా? అదే పద్ధతిలో నేనూ ఒక మేస్త్రీ నోట విన్న వాక్యాన్ని పట్టుకున్నాను.

"మా హర్ రోజ్ ఆబ్ రా అజ్ దర్యా మేగీరేమ్."

మేము ప్రతి రోజూ నీళ్లను నది నుంచి తీసుకుంటాము.

"మా" అంటే మాది కాదు, మేము. మనము అన్నా అదే మాట. మన తెలుగులో ఉన్న ఆ తేడా వాళ్లకు లేదు. "రోజ్" మన రోజే. టెహ్రాన్‌లో "రూజ్" అంటారు, కాబూల్‌లో మాత్రం మనలాగే "రోజ్". "ఆబ్" అంటే నీళ్లు. మన ఆబ్కారీ శాఖలో ఉన్నది ఆ నీళ్లే! "రా" మన ద్వితీయా విభక్తి. "పుస్తకం చదివాను", "పుస్తకాన్ని చదివాను" అనే రెంటికీ మనకెంత తేడా ఉందో, "రా" ఉంటే, లేకపోతే వాళ్లకూ ఇంచుమించు అంతే. "అజ్" అంటే నుంచి, కాకపోతే నామవాచకానికి ముందు వస్తుంది. నాకు చాలా రోజులు నాలుక తిరగనిది అక్కడే. క్రియ మాత్రం మనలాగే చివర. "మేగీరేమ్"లో "మే" అలవాటును చెబుతుంది, "గీర్" ధాతువు, "ఏమ్" మన "ము". "నేను" అయితే "మేగీరమ్". కర్తను వదిలేసినా క్రియ చెబుతుంది, అచ్చం తెలుగే. ఆ "గీర్" జాగీరులోనూ ఉంది: "జా" అంటే చోటు, దాన్ని పట్టుకున్నది జాగీరు.

ఇక అసలు చిక్కు భూతకాలం. "తీసుకున్నాము" అంటే "గిరిఫ్తేమ్". "గీర్" ఎక్కడ, "గిరిఫ్త్" ఎక్కడ! ఫార్సీ క్రియకు రెండు రూపాలు, వర్తమానానికి ఒకటి, భూతానికి ఒకటి. చాలా క్రియల్లో ఒకటి తెలిసినా రెండోది విడిగా నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు చదువు చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ముందు వాక్యం ఇవ్వండి, పట్టిక తర్వాత. పిల్లలు విప్పి చూసుకున్నది మరచిపోరు.

ఆ రెండు రూపాలూ కలిసి ఉన్న మాట ఒకటి మన నోళ్లలో రోజూ నానుతోంది. "బస్తన్" అంటే కట్టడం. వర్తమానానికి "బంద్", భూతానికి "బస్త్", మధ్యలో "ఓ" అంటే మరియు. బంద్-ఓ-బస్త్, మన బందోబస్తు. వెనకాల భోజనాల బందోబస్తు పూర్తయిందని సైగ చేస్తున్నారు. సెలవు.