నెత్తుటి పరీక్షను నమ్ముట యెట్లు?



ఆఫ్రికాఖండమున నిద్రరోగమను మహావ్యాధి కలదు. సెట్సీ యను ఈఁగ కాటువలన ట్రిపనోసోమమను సూక్ష్మక్రిమి మనుష్యుని నెత్తుటఁ జేరి, తుదకు మెదడును బట్టి పీడించును. ఆ యీఁగ మన దేశమున లేదు. కాని యా క్రిమికి దాయాది యొకటి మన పశువుల కున్నది. 1880వ సంవత్సరమున గ్రిఫిత్ ఇవాన్సు అను పశువైద్యుఁడు డేరా ఇస్మాయిల్ ఖానునందు గుఱ్ఱముల, ఒంటెల రక్తమున దీనిని గనిపెట్టెను. ఆ వ్యాధిపేరు సర్రా. జోరీఁగలు దీనిని పశువునుండి పశువునకు మోయును.

జ్వరము వచ్చుచుఁ బోవుచుండుట, నెత్తురు తగ్గుట, పశువు చిక్కిపోవుట దీని లక్షణములు. మన అనంతపురము మెట్టసీమలో కరవునాఁడు మేతలేక చిక్కిన యెద్దునకును, సర్రాచేఁ జిక్కిన యెద్దునకును కంటికి భేదము తోఁపదు. ఒకదానికి మేత కావలెను. వేఱొకదానికి మందు కావలెను. కావున పరీక్ష యావశ్యకము.

పరీక్షలు మూఁడు విధములు. సూక్ష్మదర్శినిలోఁ గ్రిమిని గన్నులారఁ జూచుట మొదటిది. క్రిమి కొలఁదిగా నున్న దినమున నిది తప్పిపోవును. క్రిమిపై శరీరము పుట్టించుకొన్న ప్రతిపదార్థములను వెదకుట రెండవది. రోగము నయమైన పిదపను ఆ గుర్తులు కొంతకాలము నిలుచును. క్రిమియొక్క బీజద్రవ్యమును వెదకు పి.సి.ఆర్. పరీక్ష మూఁడవది. ఇది యా ద్రవ్యపు తునుకను మరల మరల రెట్టించును. 30 మారులు రెట్టించిన ఒకటి నూఱుకోట్లు దాఁటును. కాని ప్రక్క సీసానుండి తుంపర యొకటి పడెనేని లేని రోగమును ఉన్నట్లు చూపును. తీసిన బొట్టులోఁ గ్రిమి లేకున్న ఉన్న రోగమును లేదనును.

ఇఁక లెక్క చూడుఁడు. 1000 పశువులలో 10 మాత్రమే రోగము గలవి యనుకొందము. పరీక్ష రోగము గలవానిలో నూటికి 90 పట్టును. లేనివానిలో నూటికి 5 తప్పుగాఁ బట్టుననుకొందము. అప్పుడు నిజముగాఁ బట్టుపడునవి 9. వృథాగాఁ బట్టుపడునవి సుమారు 50! అదే పరీక్షను జ్వరముతోఁ జిక్కిన 100 పశువులకుఁ జేసి, వానిలో సగము రోగము గలవైనచో, నిజమైనవి 45, తప్పు రెండో మూఁడో. పరీక్ష యొక్కటే, ఎవరికిఁ జేసితిమను దానినిబట్టి దాని మాటకు విలువ మాఱినది.

క్రొత్త పరీక్షను దేనితోఁ గొలువవలె ననునది వేఱొక చిక్కు. సూక్ష్మదర్శిని తానే క్రిమిని విడిచిపెట్టునది. దానితో పి.సి.ఆర్.ను గొలుచుట చిల్లుకుంచముతో ధాన్యము గొలుచుటయే. అందుచేతఁ బండితులు పెక్కు పరీక్షలను గలిపి తూఁచెదరు.

2004లో మహారాష్ట్రమందలి చంద్రపూరు జిల్లా రైతొకనికి ఈ పశువుల క్రిమియే సోఁకెను. మానవరక్తమున సహజముగా నుండవలసిన రక్షకపదార్థ మతనికి లేకుండెను. సురమిన్ అను మందుచే నయమయ్యెను. పిమ్మట ఆ గ్రామమున 1,806 మందికి ప్రతిపదార్థ పరీక్ష చేయఁగా మొదట 410 మందికి ఉన్నట్లు తోఁచెను. గుర్తులు బలముగా నున్నవారి నెత్తురు చూడఁగా క్రిమి యొక్కరియందును గనఁబడలేదు. ఆ 410 మందిని రోగులని యెంచియున్న నెంత యనర్థము!

కావున పెద్దలారా, పశువునకు జ్వరమున్నపుడే నెత్తురు తీయించుఁడు. లేదని వచ్చినను లక్షణములు నిలిచినచో మరల తీయించుఁడు. ఉన్నదని వచ్చినపుడు పశువైద్యుఁడు చెప్పక మందు వేయకుఁడు. పరీక్ష సాక్షి మాత్రమే. సాక్షి నడిగి, లక్షణములతో సరిచూచి తీర్పు చెప్పుట వివేకుల పని.

సెలవు.