కోడికి పెట్టిన మందు



బిడ్డకు జబ్బు చేస్తుంది. డాక్టరు మందు ఇస్తారు. బిడ్డ తేరుకుంటుంది. కానీ ఒక్కోసారి ఆ మందు పని చేయదు. ఎందుకని? ఒక కారణం కోళ్ల ఫారంలో ఉంది.

మన భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. రాజమండ్రిలో చదివారు. తర్వాత అమెరికా వెళ్లారు. అక్కడ ఒక మందుల కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్నారు. ఆయన ఆధ్వర్యంలో డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1948లో ఆ మందు వచ్చింది. అది జబ్బు క్రిములను అణిచే మందు. ఇలాంటి మందులే యాంటీబయాటిక్స్. వీటి వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

అదే కంపెనీలో ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. అవి తొందరగా బరువెక్కాయి. ఇంకేం? చాలా దేశాల్లో జబ్బు లేని కోళ్లకూ దాణాలో మందు కలిపారు.

రోజూ కొంచెం కొంచెం మందు తగిలితే ఏమవుతుంది? కొన్ని క్రిములు చస్తాయి. మందును తట్టుకునేవి మిగులుతాయి. అవే పెరుగుతాయి. తట్టుకునే గుణం క్రిమి జన్యువులో ఉంటుంది. జన్యువు అంటే ఒంట్లో ఉన్న రాత లాంటిది. ఆ రాతను ఒక క్రిమి మరో క్రిమికి ఇవ్వగలదు. ఆవకాయ కొలత పక్కింటికి చెప్పినట్టే! పచ్చి మాంసం, కోళ్ల ఎరువు, పని చేసే చేతులు, వీటి ద్వారా ఆ క్రిములు మనుషులకు చేరతాయి.

కొలిస్టిన్ అనే మందు ఉంది. వేరే మందులు పని చేయని రోగికి ఆఖరున ఇచ్చేది అది. దాన్ని తట్టుకునే జన్యువు ఒకటి 2015లో చైనాలో బయటపడింది. పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా దొరికింది. అందుకే 2019 జులైలో మన ప్రభుత్వం కోళ్లకు కొలిస్టిన్ వాడరాదని ఆపేసింది.

తణుకు, అనపర్తి వైపు గుడ్ల ఫారాలు ఎక్కువ. ఎందరో ఆడవాళ్లు వాటిలో పని చేస్తారు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పశువుల డాక్టరు చెప్పకుండా కోళ్లకు మందు పెట్టకూడదు. మందు పెట్టాక డాక్టరు చెప్పిన రోజులు ఆగాలి. ఆ తర్వాతే గుడ్లు, మాంసం అమ్మాలి.

ఇంట్లో మాంసం, గుడ్లు బాగా ఉడకాలి. మాంసం కోసిన కత్తిపీట కడిగాకే కూర తరగాలి. డాక్టరు చెప్పకుండా షాపులో యాంటీబయాటిక్ కొని మింగకూడదు.

మందు పదును పోతే ఆపదలో ఆదుకునేదేది? ఆ పదును కాపాడటం అందరి పని.