గడియారపు నడక

మన పెద్దలు అహోరాత్రమును 60 ఘడియలుగను, ఘడియను 60 విఘడియలుగను విభజించి కాలమును లెక్కించిరి. ఒక ఘడియ నేటి లెక్కకు 24 నిమిషములు. విఘడియ 24 సెకండ్లు. తిథి యెన్ని ఘడియల యెన్ని విఘడియలకు ముగియునో పంచాంగము చెప్పును. అంతకంటె సూక్ష్మమైన భాగముతో సామాన్యగృహస్థునకు పని కలుగలేదు. నేడన్ననో స్విట్జర్లాండు దేశమున తయారై, లక్షల రూపాయల వెలకు అమ్ముడుపోవు చేతిగడియారము దినమునకు విఘడియలో నాలుగవవంతు ముందుగా నడచుచున్నదని, దానిని కొన్నవారు నిద్రమాని చింతించుచున్నారు. ఈ చింత న్యాయమైనదా, అయినచో ఎంతవఱకు అను విషయమును గూర్చి కొంచెము ముచ్చటింప దలచితిని.

ముందుగా నేను చెప్పునది ఏ గడియారమో స్పష్టము చేయవలయును. బ్యాటరీతో నడచునవి వేఱు. నేను చెప్పునవి కీ యిచ్చిన నడచునవి, లేదా చేతికదలికచేత తమంతట తామే కీ చుట్టుకొనునవి. వీనిలో చుట్టగా చుట్టిన యుక్కురేకు మెల్లమెల్లగా విచ్చుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ చక్రములు ఒక్కసారిగా గిఱ్ఱున తిరిగిపోకుండ మఱియొక చిన్న చక్రము ఇటునటు ఊగుచు వానిని ఆపి యాపి విడుచుచుండును. దీనికి బాలెన్సు చక్రమని పేరు. దానిని ఊపునది తలవెండ్రుకవలె సన్ననైన వేఱొక స్ప్రింగు. నేటి మేలురకపు గడియారములు పెక్కు సెకండునకు 8 పర్యాయములు టిక్కుమనును. అనగా గంటకు 28,800, దినమునకు 6,91,200. అట్టి గడియారము దినమునకు 5 సెకండ్లు వెనుకబడినదన్నచో, ఇన్ని లక్షల టిక్కులలో 40 మాత్రమే లోటుపడినవన్నమాట. పొలము కొలుచువారి భాషలో చెప్పిన, మూడుంబావు మైళ్ల పొడవు గొలుసుతో కొలిచి, చివరకు ఒక్క అడుగు తేడా తెచ్చుటవంటిది. అంత నిక్కముగా గొలుసు లాగినవానిని నేనింతవఱకు చూడలేదు.

ఆ 40 టిక్కులైనను ఏల లోటుపడవలెనని అడుగవచ్చును. గడియారము వెల్లకిల పడియున్నపుడొక నడక, నిలువుగా నున్నపుడొక నడక. నిలువుగా నున్నపుడు ఇరుసుమొనలు ప్రక్కలకు ఒరసికొని రాపిడి హెచ్చును. చక్రమున ఏ ప్రక్కనైన ఆవగింజలో వేయవవంతు బరువు హెచ్చుగా నున్నను భూమ్యాకర్షణము దానిని క్రిందికి లాగును. ఈ దోషమును పరిహరించుటకే బ్రెగే అను గడియారశిల్పి, ఆ చక్రమును దాని కూటముతో సహా నిరంతరము గుండ్రముగా త్రిప్పుచుండు ఏర్పాటొకటి కల్పించి, 1801లో ఫ్రాన్సున హక్కుపత్రము పొందెను. అది జేబులో నిలువుగా నుండు గడియారమునకు కల్పించినది. నిమిషమున కొకరీతిగా మెదలు మణికట్టుమీద దానివలన ఎంత లాభమో సందేహమే. అయినను నేటికిని దానికై మిక్కిలి పెద్ద మొత్తములు చెల్లించువారున్నారు. వేడిమిచేత స్ప్రింగు బిగువు సడలుట మఱియొక కారణము. దీనికి మందు కనిపెట్టినవాడు గియోం అను శాస్త్రజ్ఞుడు. స్విట్జర్లాండులో ఫ్లూరియే అను ఊర గడియారములు చేయువాని కుమారుడు. ఉష్ణమునకు చలింపని మిశ్రలోహములను కనుగొన్నందులకు 1920లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఇక కీ నిండుగా నున్నపుడొక బలము, తీరిపోవునపుడొక బలము. ఇన్ని శత్రువుల నడుమ ఆ యంత్రము మూడుంబావు మైళ్లకు అడుగు మాత్రమే తప్పుట ఆశ్చర్యము.

స్విట్జర్లాండున 1973లో ఏర్పడిన పరీక్షాసంస్థ యొకటి కలదు. దానిని అందఱును కాస్క్ అందురు. గడియారపు యంత్రమును 15 దినములపాటు అయిదు భంగిమలయందు, 8, 23, 38 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణములయందు పరీక్షించి, సగటున దినమునకు 4 సెకండ్ల వెనుకకును 6 సెకండ్ల ముందునకును నడుమ నడచినచో దానిని క్రొనామీటరని యోగ్యతాపత్ర మిత్తురు. రోలెక్సు కంపెనీవారు 2015నుండి, పెట్టెలో బిగించిన పిదప గడియారము అటు 2 ఇటు 2 సెకండ్లలో నడువవలెనని తమ నియమము చేసికొనిరి. ఒమేగావారి మేలుతరగతి గడియారములకు ప్రభుత్వ తూనికలు కొలతల శాఖవారి పరీక్ష గలదు. అందు సగటున వెనుకబడుట కూడనే కూడదు, 5 సెకండ్లవఱకు ముందుండవచ్చును. ముందుండుటకే మన్నింపు హెచ్చుగా నిచ్చుటలో లౌక్యమున్నది. రైలునకు ముందు పోయినవాడు స్టేషనులో కూర్చుండును. వెనుక పోయినవాడు రైలు వెళ్లిన దిక్కు చూచును.

అయితే యీ పత్రములలోని అంకె సగటు అంకె యని మఱవరాదు. అవి పరీక్షాగారమున వచ్చిన అంకెలు. గోదావరి తీరపు వేసవిలో గట్టుమీద నడచువాని చేతికి అదే గడియారము అదే లెక్క చూపుననుట కల్ల.

ఒకప్పుడు సెకండు నిజముగా ప్రాణములతో ముడిపడియుండెను. సముద్రమున నావ తూర్పుపడమరలలో ఎచ్చట నున్నదో తెలియుటకు, బయలుదేరిన రేవున అప్పుడెంత వేళయైనదో తెలియవలయును. భూమి 4 నిమిషములకు ఒక భాగ తిరుగును. కావున గడియారము 4 సెకండ్లు తప్పిన, భూమధ్యరేఖకడ నావ ఒక సముద్రపు మైలు తప్పును. 1707లో ఆంగ్లేయుల యుద్ధనావలు దారి తెలియక సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకొని, వందలకొలది నావికులు మడిసిరి. 1714లో పార్లమెంటువారు ఈ చిక్కు తీర్చినవానికి 20,000 పౌనుల బహుమానము ప్రకటించిరి. వడ్రంగపుపని నేర్చిన జాన్ హారిసన్ జీవితమంతయు దీనికే ధారపోసెను. అతని నాలుగవ గడియారము 1761 చివర ఇంగ్లండు విడిచి 1762 జనవరిలో జమైకా చేరునప్పటికి 5 సెకండ్ల చిల్లర మాత్రమే తప్పియుండెను.

ఇచ్చట పలువు రెఱుగని సంగతి యొకటి కలదు. ఆ 5 సెకండ్లు, గడియారము దినమున కెంత వెనుకబడునో ముందే లెక్కించి, ఆ మొత్తమును తీసివేసిన పిదప మిగిలిన తేడా. నావలమీద క్రొనామీటరు వాడినవారందఱును ఇట్లే చేయుచుండిరి. ముల్లును ముట్టుకొనెడివారు కారు. ఇది దినమునకు ఇంత హెచ్చు, లేదా ఇంత తక్కువ అని పుస్తకమున వ్రాసికొని, ప్రతిదినము ఒకే వేళకు కీ యిచ్చి, కూడికతీసివేతలతో నిజమైన వేళ కనుగొనుచుండిరి. దినమునకు 8 సెకండ్లు నియమముగా ముందునకు పోవు గడియారము వారికి ఉత్తమమైనది. నేడు 3 ముందు, రేపు 3 వెనుక పోవునది, సగటున సున్నయే యైనను, పనికిమాలినది. గడియార మెంత తప్పుచున్నదనుటకంటె ఆ తప్పు దినదినము ఒకే తీరున నున్నదా యనునదే ప్రధానమైన ప్రశ్న. లక్షలు పోసి కొన్నవారిలో ఈ ప్రశ్న వేసికొన్నవారు మిక్కిలి తక్కువ.

రైళ్ల విషయమును అట్టిదే. 1891లో అమెరికాలో కిప్టన్ అనుచోట రెండు రైళ్లు ఢీకొనుటకు ఇంజనుడ్రైవరు గడియారము 4 నిమిషములు ఆగి మరల నడచుట కారణమనిరి. పిదప అచ్చటి రైలు గడియారములు వారమునకు 30 సెకండ్లకు మించి తప్పరాదని కట్టడి చేసిరి.

ఇంతలో 1969 డిసెంబరు 25వ తేదీన జపానులో సైకో కంపెనీవారు క్వార్ట్జ్ చేతిగడియారమును విక్రయమునకు తెచ్చిరి. దాని వెల 4,50,000 యెన్నులు. నాడు ఆ దేశమున చిన్న మోటారుకారు వెలకు సమానము. అట్టి గడియారములలో స్ఫటికపు ముక్క యొకటి విద్యుచ్ఛక్తిచేత కంపించుచుండును. ఇప్పుడు వాడుకలోనున్న వానిలో ఆ కంపములు సెకండునకు 32,768. నేడు కొన్ని వందల రూపాయలకు దొరకు క్వార్ట్జ్ గడియారము సాధారణముగా నెలకు 15 సెకండ్లకు మించి తప్పదు. అనగా దినమునకు అరసెకండు. స్విట్జర్లాండున 1970లో సుమారు 90,000 మంది గడియారపు పనివారుండగా, పదునైదేండ్లలో వారిలో మూడింట రెండువంతులమంది కొలువు పోగొట్టుకొనిరి. నాడు నిక్కమైన నడకయే మిక్కిలి ఖరీదైనది. నేడు అదియే అన్నిటికంటె చవుక. లక్షలు పెట్టి కీ గడియారము కొనువాడు నడకకొఱకు కొనుచున్నానని చెప్పిన, నేను నమ్మను. ఆ ధనము చేతిపనికి, చక్రముల అంచులకు పెట్టిన మెఱుగునకు, బంగారమునకు, పేరునకు చెల్లుచున్నది. అందు తప్పులేదు. వస్తువు విలువ తెలిసి కొనుట వేఱు, మోసపోయి కొనుట వేఱు.

ఈ మాట పట్టుకొని కొందఱు, నడక యెట్లున్ననేమి, అది యలంకారమే గదా యందురు. దీనికి నేను సమ్మతింపను. నడువని గడియారము కంకణము, కంకణమునకు చక్రములేల? క్రొనామీటరని పత్రమిచ్చి సొమ్ము తీసికొన్న కంపెనీ దినమునకు 20 సెకండ్లు తప్పుదానిని అంటగట్టినచో తిరిగి పంపుటయే న్యాయము. అదిగాక, వైద్యునకు నాడి యెట్టిదో, గడియారము కొన్నవానికి దాని నడక అట్టిది. సంవత్సరముల తరబడి దినమునకు 4 సెకండ్లు ముందు నడచుచున్నది హఠాత్తుగా నిమిషములకొలది ముందునకు ఉఱికినచో, అయస్కాంతము సోకినదని తలంపవచ్చును. రేడియోలోని లౌడుస్పీకరు ప్రక్కనగాని, అయస్కాంతపు మూతగల సెల్‌ఫోను సంచి ప్రక్కనగాని పెట్టిన, ఆ వెండ్రుకవంటి స్ప్రింగుచుట్లు ఒకదానికొకటి అంటుకొని పొట్టివగును. అందుచేత ఊపు వడియగును. దీనిని తొలగించు పరికరము గలవానికడ కొలదినిమిషముల పని. అట్లుగాక నెలనెలకును కొంచెము కొంచెముగా వెనుకబడుచు, ఊపు మందగించిన, లోపలి నూనె యెండినదని గుర్తు. నూనె లేక ఒరసికొన్న ఇరుసు అరిగిపోవును. అరిగిన యిరుసు మఱల పెరుగదు. ఐదునుండి పదేండ్ల కొకమాఱు శుభ్రము చేయించవలెనని చెప్పుట యిందుకే.

నే నెఱిగిన గృహస్థు డొకనికి అమెరికాలో నున్న కుమారుడు తన మొదటి యేటి జీతములో మిగిల్చి యొక విలువైన గడియారము పంపెను. అది దినమునకు 7 సెకండ్లు ముందు పోవుచుండెను. ఆయన రేడియోలో వేళ చెప్పినప్పుడెల్ల దానిని చూచి, కుమారుని ఎవరో మోసగించిరని బాధపడెడివాడు. కుమారునితో చెప్పిన నొచ్చుకొనునని దాచెడివాడు. తుదకు బజారులో మరమ్మతు చేయువాని కిచ్చెను. వాడు విప్పి సవరించెను. ఇప్పుడు 9 సెకండ్లు వెనుకబడెను. మఱల విప్పెను. మూడవమాఱు విప్పినపుడు మరకు గీత పడినది, స్ప్రింగు వంగినది, గడియారము నిలిచిపోయినది. మరమ్మతునకు కంపెనీవారు చెప్పిన మొత్తము విని ఆయన దానిని పెట్టెలో పెట్టి తాళము వేసెను. ఆ 7 సెకండ్లు ఆయన యే పనికిని అడ్డు వచ్చినవి కావు. వారమునకు ఒకమాఱు ముల్లు సవరించిన తీరిపోయెడిది.

కావున విప్పించుటకు ముందు కొలువవలయును. దీనికి ఖర్చు లేదు. ఒకదినము రేడియోలో వేళ చెప్పునపుడు చూచి, గడియార మెంత ముందున్నదో వ్రాసికొనుడు. ప్రతిదినము అదే వేళకు కీ యిచ్చి, అదే వేళకు చూచి, పది దినములు వ్రాయుడు. మొదట 3 సెకండ్లు ముందుండి, పదవదినము తరువాత 48 సెకండ్లు ముందున్నచో, దినమునకు నాలుగున్నర. నడుమ దినముల తేడాలు 4, 5, 4, 5 అని వచ్చుచున్న, గడియారము ఆరోగ్యముగా నున్నది. 1, 8, 2, 7 అని వచ్చుచున్న, సగటు అదియే యైనను, తెలిసినవానికి చూపింపవలయును. రాత్రి తీసిపెట్టునపుడు వెల్లకిల నుంచినచో ఎట్లున్నదో, కీ మర పైకి వచ్చునట్లు నిలిపినచో ఎట్లున్నదో చూడుడు. పగలు పోయిన సెకండ్లను రాత్రి పడుకొను భంగిమచేత తిరిగి రాబట్టుకొను నేర్పు పూర్వపు గడియారదారులకు తెలియును.

మన దేశమున 1961లో బెంగుళూరున హెచ్.యం.టి. వారు గడియారములు చేయ నారంభించి 2016లో నిలిపివేసిరి. వారి జనతా గడియారము కట్టుకొని పెండ్లిపీటలమీద కూర్చున్నవారు ఈ ప్రసంగము వినువారిలో నుందురు. అది దినమున కెంత తప్పినను మనయూళ్లలో ఎవరు లెక్కించిరి? ఉదయము కీ యిచ్చునపుడు సరిచేసికొనుటయే అలవాటు. ఆ మాటకు వచ్చిన, మనము సరియైన వేళ యనుకొనునదియు కొంతవఱకు ఏర్పాటే. భారతదేశపు వేళకు ఆధారమైన 82½ భాగల రేఖ మన తుని సమీపమున పోవుచున్నది. హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చుట తునికంటె 16 నిమిషములు ఆలస్యము. తునిలోనైనను సూర్యుడు గడియారపు 12 గంటలకు సరిగా నడిమింటికి వచ్చుట సంవత్సరమున నాలుగు దినములే; ఫిబ్రవరిలో సుమారు 14 నిమిషములు వెనుక, నవంబరు మొదట 16 నిమిషములు ముందు.

ఇంట విలువైన కీ గడియారము గలవారు, దినమునకు 5 సెకండ్లు ముందుపోవునదైనను, అమావాస్యకును పౌర్ణమికిని సరిచూచుకొన్న చాలును. నడుమ పక్షమునకు వచ్చు తేడా నిమిషముంబావు, అనగా మూడు విఘడియల చిల్లర. ముల్లు త్రిప్పునపుడు కొంచెము వెనుక నిలిపి ముందునకు తెచ్చుటయు, గడియారమును చేతినుండి తీసి త్రిప్పుటయు మంచిది; చేతికి ఉండగా త్రిప్పిన మర ప్రక్కకు ఒఱిగి వదులగును.