సుబ్బారావుగారి అణువులు: నిలిచిన బొమ్మ నుంచి కదిలే బొమ్మ దాకా

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, నజ్రాన్)

సొంతూళ్లకు ఇంత దూరంలో సుబ్బారావుగారి పేరు మీద ఇందరు కూడటం నాకెంతో సంతోషం. 1895లో భీమవరంలో పుట్టడం, మద్రాసులో వైద్యవిద్య, హార్వర్డు, లెడర్లీ ప్రయోగశాల, 1948లో న్యూయార్క్‌లో మరణం. ఈ కథ మీకు తెలుసు. ఆయన చేతుల మీదుగా వచ్చిన అణువులను తర్వాతి తరాలు కంటికెలా చూపాయో ఈరోజు చెబుతాను.

1925లో హార్వర్డులో ఆయన సహచరుడు ఫిస్కే, సుబ్బారావు కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ దొరికాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఉందని తెలిసింది, ఎంత ఉందో తెలిసింది. అది ఒంట్లో ఏ యంత్రంలో తయారవుతుందో చూసే దారి అప్పటికి లేదు.

ఒంట్లోని అలాంటి యంత్రాలు ప్రోటీన్లే. ప్రోటీను ఆకారం తొలిసారి 1958లో బయటపడింది. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ మయోగ్లోబిన్ నమూనాను ప్లాస్టిసీన్‌తో చేశాడు. తర్వాత మరింత సూక్ష్మంగా కడ్డీల అడవి లాంటి నమూనా కట్టాడు. ఇక్కడికి ఉత్తరాన హిమా రాళ్ల మీద వేటగాళ్ల బొమ్మలు చూసినవాళ్లకు ఆ ఇబ్బంది అర్థమవుతుంది: కదిలేదాన్ని కదలని దాని మీద చూపాలి. 1960ల మధ్యలో ఎంఐటీలో సైరస్ లెవింతాల్ బృందం ప్రోటీను గీతల బొమ్మను కంప్యూటరు తెర మీద తిప్పింది. ఆగి ఉంటే అది చిక్కుపడ్డ గీతల గుంపు. తిరగడం మొదలవగానే ఏది ముందో ఏది వెనకో కన్ను పట్టేస్తుంది. 1981లో జేన్ రిచర్డ్‌సన్ చేత్తో గీసిన రిబ్బన్ బొమ్మలు మరో మెట్టు. పరమాణువులను పక్కన పెట్టి గొలుసు నడకనే చూపిందామె. ఏం వదిలేయాలో తెలిసినవాళ్లే బాగా చూపగలరని నా నమ్మకం.

ఇక మెథోట్రెక్సేట్ అనే మందు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, లుకేమియాతో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని ప్రకటించాడు. ఆ మందు లెడర్లీలో సుబ్బారావుగారి బృందం చేసినదే. దానికి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. కాగితం మీద ఫోలిక్ ఆమ్లం పక్కన దాన్ని గీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఉంగరం మీద ఆక్సిజన్ ఉన్నచోట అమైనో సమూహం, కొంచెం అవతల ఒక మిథైల్. అంతే తేడా. 1977లో, ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లపు రూపం) మీద పనిచేసే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైమును పట్టుకున్న మెథోట్రెక్సేట్ ఆకారం ఎక్స్-రేలతో తెలిసింది. ఫోలేట్‌తో పోలిస్తే మెథోట్రెక్సేట్ ఉంగరం ఆ ఎంజైము గుంటలో బోర్లా తిరిగి కూర్చుంటుంది. నల్లబల్ల మీద ఎంత చెప్పినా విద్యార్థికి అందని ఈ మాట, రెండు ఆకారాలనూ ఒకే గుంటలో పెట్టి తెర మీద తిప్పితే క్షణంలో అందుతుంది.

అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. చాలా యానిమేషన్లలో ఒక ఆకారం మెల్లగా రెండోదిగా మారిపోతుంది. కొలిచినవి ఆ మొదటిదీ చివరిదీ మాత్రమే. మధ్యలోవన్నీ కంప్యూటరు పూరించినవి. ఫోలేట్ ఉంగరం మన కళ్ల ముందే బోర్లా పడి మందుగా మారదు. అవి రెండు వేరువేరు అణువులు. ఈ సంగతి చెప్పని బొమ్మ అందంగా ఉన్నా అబద్ధమే చెబుతోంది.

నిజంగా కొలిచిన కదలికా ఉంది, అదీ సుబ్బారావుగారి ఏటీపీ దగ్గరే. దాన్ని తయారుచేసే యంత్రమైన ఏటీపీ సింథేజ్‌లో ఒక భాగం తిరుగుతుందని పాల్ బోయర్ ఊహించాడు. 1994లో జాన్ వాకర్ బృందం దాని ఆకారం చూపింది. 1997లో జపాన్‌లో నోజి, యసుదా, యోషిదా, కినోసితా ఇరుసులాంటి ఆ భాగానికి వెలిగే ఆక్టిన్ పోగు ఒకటి అతికించి, అది గిరగిరా తిరగడం సూక్ష్మదర్శినిలో చూశారు. అదే ఏడాది బోయర్, వాకర్‌లకు నోబెల్ వచ్చింది. ఈ మోటారును తిప్పి చూపే యానిమేషన్‌కు వెనక సాక్ష్యం ఉంది. 2006లో హార్వర్డు కోసం తీసిన కణ జీవిత చిత్రంలో కైనసిన్ అనే సరుకు మోసే ప్రోటీను దర్జాగా అడుగులేస్తుంది. అడుగు నిజమే, దర్జా నిజం కాదు. అసలు కణంలో నీటి అణువులు నాలుగువైపులా కుమ్ముతుంటాయి, చుట్టూ ఊపిరాడనంత రద్దీ. చూపుకు అడ్డమని వాటిని తీసేశారు. తీసేశామని తెర మీద ఒక మాట రాయాలి.

ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఫార్మసీ, వైద్యం చెప్పే మిత్రులను ఒకటి అడుగుతాను. 1971లో ఏడు ఆకారాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ ఈరోజు అందరికీ ఉచితం. అందులో 4డీఎఫ్‌ఆర్ అన్న పేరుతో మెథోట్రెక్సేట్‌తో కూడిన ఎంజైము ఉంది. విద్యార్థుల చేతికే ఇచ్చి తిప్పించండి. తెలుగులో వ్యాఖ్యానం పెట్టి ఒక చిన్న చిత్రం చేయండి. కొలిచిన చోట ఒక రంగు, పూరించిన చోట మరో రంగు వాడండి. నమూనా చేసి పంపితే భీమవరం కళాశాలలకు చేర్చే పూచీ నాది.