యంత్రానికి ముందు ప్రణాళిక



రాయవేలూరుకూ గుడియాత్తానికీ నడుమ, పాలారు తీరాన రంగనాథస్వామి వెలసిన ఊరు పళ్ళికొండ. ఈ పేరు వినగానే తెలుగు చెవికి అందులో ఒక కొండ వినిపిస్తుంది. తమిళంలో మాత్రం 'పళ్ళికొండ' అంటే పవళించిన అని అర్థం. శేషశయనుడైన స్వామిని చెప్పే మాట అది. ఒకే పేరును రెండు భాషలు రెండు విధాలుగా వింటాయి. పేరు విషయంలో ఇది ముచ్చట. విద్యా ప్రణాళిక విషయంలో ఇటువంటి తేడా ఏర్పడితే నష్టపోయేది పసిబిడ్డ. ఒక జిల్లా పాఠశాలలన్నిటికీ సాంకేతిక పరికరాలు సమకూర్చే ప్రణాళిక ఎలా ఉండాలి, అందులో తెలుగు మాధ్యమ పాఠశాల స్థానమేమిటి అన్నది నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఈ నేల చరిత్రనే తలచుకోవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఉత్తర ఆర్కాడు జిల్లాకు చిత్తూరే ముఖ్య పట్టణం. ఆ తరువాతనే ఆ గౌరవం వేలూరుకు దక్కింది. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మళ్ళీ సర్దుబాటయింది. 2019లో వేలూరు జిల్లానే మూడుగా విభజించారు. గీతలు మారినా ఇళ్ళలోని భాష మారలేదు. అందుకే 1956లో రాజ్యాంగానికి జరిగిన ఏడవ సవరణ 350-ఏ అధికరణాన్ని చేర్చి, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా చేయాలని నిర్దేశించింది. ఆనాడు సౌకర్యమంటే గది, నల్లబల్ల, పుస్తకం, ఉపాధ్యాయుడు. ఈనాడు కంప్యూటరు, తెర, అంతర్జాలం కూడా అందులో చేరాయి.

ప్రణాళిక అన్న మాటకు అర్థం చెప్పిన నాయకుడొకరు ఈ ప్రాంతానికి బాగా తెలిసినవారే. 1954లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి చేపట్టిన కామరాజు ఆ ఏడాది ఉపఎన్నికలో శాసనసభకు ఎన్నికైనది గుడియాత్తం నుండే. ఆయన కాలంలో విద్యాశాఖ సంచాలకులుగా పనిచేసిన నె.దు. సుందరవడివేలు 1958 నుండి పాఠశాలల అభివృద్ధి మహాసభల ఉద్యమాన్ని నడిపించారు. ఒక్కొక్క బడికి ఏమేమి లోటో ముందు జాబితా తయారుచేసేవారు; ఆ జాబితాను ఊరి ముందుంచేవారు; ఊరివారు తమ శక్తికొలది ఒక్కొక్క లోటును పూరించేవారు. అవసరం మొదట, వస్తువు తరువాత. ఈ వరుస క్రమమే ప్రణాళికకు ప్రాణం. కంప్యూటర్ల యుగంలో ఈ వరుస తరచు తలక్రిందులైంది.

ఇందుకు పూర్వానుభవాలు లేకపోలేదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా దూరదర్శన్ పాఠాలు ప్రసారం చేసే సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి; ప్రసార భాషలలో తెలుగు ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. పెట్టె బిగించి వదిలివేయక, మరమ్మతుల ఏర్పాటును, ఉపాధ్యాయుల శిక్షణను కూడా ప్రయోగంలో భాగం చేయడం అందులోని వివేకం. అయితే ఉపగ్రహం అమెరికా నుండి ఒక్క ఏడాదికి వచ్చినది. గడువు తీరగానే అది తరలిపోయింది. అరువు తీరిన తరువాత ఏమి చేయాలన్నది కూడా మొదటి రోజునే ఆలోచించవలసిన విషయమని ఆ ప్రయోగం నేర్పింది.

1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం క్రింద ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను అందజేసింది. యంత్రం బ్రిటన్‌ది, అందులోని భాష ఇంగ్లీషు. తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డకు ఆ తెర మీద తన పాఠం కనిపించే మార్గం ఆనాడు లేదు. తరువాతి కాలంలో తెలుగు ఫాంట్లు వచ్చినా ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క సంకేత పద్ధతి. ఒక ఫాంటులో కూర్చిన ప్రశ్నపత్రం ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తుల కుప్పగా కనబడేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. సామాన్య కంప్యూటర్లకు ఆ సౌకర్యం చేరడానికి మరొక పదేళ్ళు పట్టింది. ఈనాడు ఆ అడ్డంకి తొలగింది. లోపమేదైనా మిగిలితే అది యంత్రానిది కాదు, ఏర్పాటుది.

తమిళనాడు ఈ రంగంలో వెనుకబడిన రాష్ట్రం కాదు. 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌ల పథకం ఆరంభమైంది. 2018 నుండి పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ సంకేతాలు ముద్రించారు. 2019లో కల్వి దూరదర్శన్ మొదలైంది. 2020లో మహమ్మారి బడులను మూసినప్పుడు ఆ ప్రసారాలే ఎన్నో ఇళ్ళకు తరగతి గదులయ్యాయి. 2006 నాటి చట్టం ప్రకారం ఒకటవ తరగతి మొదలు దశలవారీగా తమిళం నిర్బంధ పాఠ్యాంశమైంది. తమిళం నేర్వడం ఇక్కడి తెలుగు బిడ్డకు నష్టం కాదు; ఇరుగుపొరుగు భాష, జీవనోపాధి భాష అది. అయితే పాఠశాల దినచర్యలో తెలుగుకు దక్కే గడియలు పరిమితమైనప్పుడు, ఆ కొద్ది గడియలను యంత్రం పెంచుతుందా, హరిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు జిల్లా కార్యాలయంలో తయారయ్యే పట్టికలో ఉంటుంది. ప్రయోగశాలలోని కంప్యూటర్లకు తెలుగు కీబోర్డు అమర్చారా? తెలుగు మాధ్యమ పుస్తకంలోని పాఠానికి తెలుగులోనే దృశ్యపాఠం ఉన్నదా? శిక్షణకు పిలిచిన ఉపాధ్యాయులలో తెలుగు పండితుడున్నాడా? జిల్లా మొత్తానికి సగటు లెక్క వేస్తే ఇటువంటి కొద్దిపాటి బడులు ఆ సగటులో కలిసిపోయి కనబడవు. పట్టికలో మాధ్యమానికొక గడి ప్రత్యేకించితే కనబడతాయి. ఒక్క గడి గీయడానికి ఖర్చేమీ లేదు. గీయకపోతే మాత్రం, తెలుగు విభాగంలో ఏమీ లేదని తలచిన తండ్రి బిడ్డను వేరే మాధ్యమానికి మారుస్తాడు. అలా తరగతి తరువాత తరగతి ఖాళీ కావడానికి ఏ ఉత్తరువూ అవసరం లేదు.

విదేశాల అనుభవం ఈ మాటనే బలపరుస్తుంది. అమెరికాలో 1996 నాటి చట్టం పాఠశాలలకు అంతర్జాల ఖర్చులో రాయితీ ఇచ్చింది. ఆ రాయితీకి లక్ష్యం, ఉపాధ్యాయ శిక్షణ, అవసరాల అంచనా, మూల్యాంకనం గల లిఖిత ప్రణాళికను చాలా ఏళ్ళపాటు షరతుగా పెట్టారు. అదే దేశంలో లాస్ ఏంజెలెస్ నగర పాఠశాలల జిల్లా 2013లో విద్యార్థులందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వబూనింది. పాఠ్యాంశాలు పూర్తిగా సిద్ధం కాలేదు. పంచిన కొద్ది రోజులకే కొందరు విద్యార్థులు అందులోని నిరోధాలను తొలగించుకొన్నారు. 2014లో ఆ ఒప్పందం నిలిచిపోయింది. పెరూ దేశంలో పిల్లలకు పంచిన లాప్‌టాప్‌ల ఫలితంపై 2012లో వెలువడిన పరిశీలన, గణితంలోనూ భాషలోనూ పిల్లల ప్రగతి పెరగలేదని తేల్చింది. ధనం కొరవడి కాదు, వరుస తప్పి ఈ ప్రయత్నాలు కుంటుపడ్డాయి.

పొరుగున కేరళ మరొక దారి చూపింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలుపెట్టి, ఉపాధ్యాయులలోనుండే శిక్షకులను తయారుచేసి, అనుమతి రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొన్నది. 2017లో ఆ పథకమే 'కైట్' సంస్థగా రూపొందింది. అక్కడి కన్నడ, తమిళ మాధ్యమాల పిల్లలకు ఆ భాషలలోనే కంప్యూటరు పాఠ్యపుస్తకాలు సిద్ధమయ్యాయి. సరిహద్దులోని అల్పసంఖ్యాక భాషను ప్రణాళికలో ఇముడ్చుకోవడం సాధ్యమేనని చెప్పడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

నాయకత్వమంటే ఏమిటో కూడా ఇక్కడ స్పష్టం కావాలి. కంప్యూటరు విప్పి బిగించగలవాడే సాంకేతిక నాయకుడని పొరబడరాదు. ఏ తరగతిలో ఏ పాఠం పిల్లలకు కష్టమవుతున్నదో ఎరిగి, అక్కడికి ఏ సాధనం పనికివస్తుందో నిర్ణయించగల ప్రధానోపాధ్యాయుడే ఆ నాయకుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ సంఘాలకు అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యత అప్పగించింది; ఆ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. ఎయిడెడ్ బడులకు ఆ నిర్బంధం లేకున్నా ఆ పద్ధతిని అనుసరించడానికి అడ్డేమీ లేదు. అటువంటి ప్రణాళిక ఐదు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. ఏ పాఠం కోసం? ఏ భాషలో? నేర్పేది ఎవరు? చెడిపోతే బాగుచేసేది ఎవరు? ఏడాది చివర ఫలితం చూసేది ఎలా?

వీటిలో నాలుగవ ప్రశ్న దగ్గరనే చాలా బడులు ఆగిపోతాయి. కొనడానికి దాతలుంటారు, ఫలకం మీద పేరూ ఉంటుంది. మరమ్మతుకు దాత ఉండడు. బ్యాటరీ అరిగిన విద్యుత్ నిలువ పెట్టె, దుమ్ము పట్టిన తెర, కట్టని అంతర్జాల రుసుము, ఈ మూడే చాలు, లక్షల ఖరీదు చేసే గదికి తాళం పడటానికి.

కనుక ప్లాటినం జూబిలీ జరుపుకొనే పాఠశాలకు పూర్వ విద్యార్థులు అర్పించదగిన కానుక మరికొన్ని కొత్త యంత్రాలు కాకపోవచ్చు. ఏటేటా వచ్చే వడ్డీతో మరమ్మతులు, రుసుములు, తెలుగు పాఠాల తయారీ సాగే ఒక శాశ్వత నిధి అంతకంటె మేలు. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుల కంఠాలలోని పద్యపఠనాన్ని, వ్యాకరణ పాఠాలను ముద్రించి భద్రపరచడం ఆ నిధి తొలి కార్యమైతే, ఏ దుకాణంలోనూ దొరకని పాఠాలు ఈ ప్రాంతపు బిడ్డలకు దక్కుతాయి.

డెబ్బై ఐదేళ్ళు ఒక బడిని నిలిపినది గోడలు కాదు, ఏటేటా బిడ్డను తెచ్చి తెలుగు తరగతిలో కూర్చోబెట్టిన తల్లిదండ్రుల నమ్మకం. రాబోయే ఏళ్ళలో ఆ తరగతిలోకి ఏ యంత్రం వచ్చినా, అది ముందుగా ఆ బిడ్డ పేరును తెలుగులో వ్రాయగలగాలి. జిల్లా ప్రణాళిక ఆ పేరుతో మొదలుకావాలి.