గొంతు పోయినా పోని పాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు కోకిలను తలచుకోవడం మన వాడుక. ఈ ఏడు కోకిలతోపాటు ఒక కవిని కూడా తలచుకుందామని మా కోరిక. ఆయనే దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు.

వారు 1897లో పిఠాపురం దాపున చంద్రంపాలెంలో జన్మించారు. ఇంటినిండా పండితులే. అయినా ఆయన పాత బాట పట్టక, తెలుగు కవిత్వానికి కొత్త మెత్తదనం తెచ్చారు. రైలు కొలువు చేసే మాకు వారి చరిత్రలో మిక్కిలి ఇష్టమైన ముచ్చట ఒకటున్నది. 1920లో వైద్యం కోసం రైలులో బళ్లారి వెళ్తూ, దారిలో కనిపించిన ప్రకృతికి వారు పరవశించారట. 1925లో వెలువడిన 'కృష్ణపక్షం' కావ్యానికి ఆ ప్రయాణమే ప్రేరణ అంటారు. బళ్లారి మనకు పరాయిది కాదు. మా వల్లూరు ఉన్న పావగడ తాలూకాలాగే అదీ తెలుగు, కన్నడం కలిసి కాపురముంటున్న సీమ.

పద్యం చదువుకున్నవారికే అందుతుంది. పాట అందరికీ అందుతుంది. ఆకాశవాణికి వారు లలితగీతాలు, సంగీత నాటికలు వ్రాశారు. 1951లో వచ్చిన బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి'కి పాటలు వ్రాశారు. సాలూరి రాజేశ్వరరావుగారి బాణీలలో ఘంటసాల, భానుమతి పాడగా, అక్షరం రాని అమ్మలు సైతం వాటిని నేర్చుకున్నారు. కావ్యభాషను వంటింటిదాకా నడిపించిన ఘనత అది.

అంతటి మాటకారికి అరవై దాటాక గొంతు జబ్బుచేసి మాట పోయింది. అటుపై ఎవరితో మాట్లాడాలన్నా కాగితంపై వ్రాసి చూపేవారు. అయినా పాట వ్రాయడం మానలేదు. 1976లో పద్మభూషణ్ అందుకున్నారు. 1980లో కన్నుమూశారు. 1982లో వచ్చిన 'మేఘసందేశం'లో కూడా వారి పాటలు వినిపించాయి.

సోదరులారా, ఇందులో మనకొక పాఠమున్నది. మన పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతున్నారు. చదవవలసినదే, అన్నం పెట్టే నేల భాషను గౌరవించాలి. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికే తెలుగు అక్షరం రాదు. వాడి నాలుకమీది తెలుగు కూడా జారిపోతే మనం గొంతు ఉండీ మూగవారమే.

అందుచేత మా మనవి ఒక్కటే. ఇంటింటా నెలకొక తెలుగు పాట పిల్లలకు నేర్పండి. తెలుగు లిపి రాకుంటే కన్నడ లిపిలోనైనా వ్రాసివ్వండి. నోటికి వచ్చిన పాటను కంటితో చదువుకోవాలని వారికే బుద్ధి పుడుతుంది. అప్పుడు తెలుగు అక్షరాలు దిద్దించవచ్చు. వచ్చే ఉగాదికి ఈ వేదికమీద ప్రసంగాలు తగ్గి, పిల్లల పాటలు పెరగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.