చిన్న ఫ్యాను – పన్నెండు వోల్టుల కరెంటు



మార్కాపురము, గిద్దలూరు సీమలో వేసవి యెట్లుండునో ఆ సీమవారికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు. నల్లమలకు తూర్పున పరచుకొనియున్న ఆ నేలలో వాన తక్కువ, రాయి యెక్కువ. ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు. రేకుల యింట మధ్యాహ్నము రెండు గంటలవేళ గోడకు వీపు ఆనించి కూర్చుండలేము. ఈ వేడిమి మనుష్యులకే కాదు, నేటి యిండ్లలో గూటిలోనో బీరువాపైనో రాత్రింబవళ్ళు పనిచేయు చిన్న యంత్రములకు కూడ తగులుచున్నది. ఇంటర్నెట్టు రూటరు, టెలివిజనుకు కలిపెడి సెట్‌టాప్ పెట్టె, ఇన్వర్టరు మొదలగునవి తమ వేడికి బయటి వేడి తోడుకాగా మాటిమాటికి ఆగిపోవుచుండును.

దీనికి కొందరు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. పాడుపడిన కంప్యూటరు నుండి చిన్న ఫ్యానును విప్పి తెచ్చి, ఇంట మూలపడియున్న అడాప్టరుకు కలిపి, రూటరు ప్రక్కన నిలుపుచున్నారు. ఉపాయము మంచిదే, ఖర్చు స్వల్పము. అయితే ఏ ఫ్యానుకు ఏ అడాప్టరు తగును, తీగలను ఎట్లు కలపవలెను, ఆ గాలి వలన జరుగు పని యేది, జరుగని పని యేది అని తెలిసి చేసినచో అది ఏండ్ల తరబడి తిరుగును. తెలియక చేసినచో ఫ్యానో, అడాప్టరో, ఒక్కొక్కప్పుడు ఆ గూటిలోని సామానంతయునో మాడిపోవును.

ముందుగా ఫ్యాను నడుమ అంటించియున్న చీటీని చదువవలెను. కంప్యూటరు ఫ్యానులు చాలవరకు 80 మిల్లీమీటర్లవో, 120 మిల్లీమీటర్లవో యుండును. చీటీపై ‘డి.సి. 12 వోల్టులు, 0.15 ఆంపియరు’ అను తీరున రెండు అంకెలుండును. అనంతరము అడాప్టరుపై ‘అవుట్‌పుట్’ అను మాట యెదుట నున్న అంకెలను చూడవలెను. ‘ఇన్‌పుట్’ యెదుట నున్నది గోడనుండి వచ్చెడి 230 వోల్టుల సంగతి. దానితో మనకిప్పుడు పని లేదు. ఈ చీటీలను చదువుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములు వెచ్చింపకపోవుటచేతనే ఫ్యానులు ఎక్కువగా చెడిపోవుచున్నవని మా అభిప్రాయము.

వోల్టులకును, ఆంపియర్లకును భేదమేమని తరచుగా అడుగుచుందురు. ఆ సీమవారికి కంభము చెరువు తెలియనిది కాదు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన చెరువది. చెరువులో నీరు ఎంత యెత్తున నిలిచినదో, తూము వద్ద అంత ఒత్తిడి యుండును. వోల్టు అనునది ఆ ఒత్తిడి వంటిది. కాలువలో పారెడి నీటి పరిమాణము వంటిది ఆంపియరు. చెరువులో వేయి మళ్ళకు సరిపడు నీరున్నంత మాత్రమున అరసెంటు మడి మునిగిపోదు. తూము ఎంత తెరచిన అంతయే పారును. అట్లే 2 ఆంపియర్ల అడాప్టరు 0.15 ఆంపియరు ఫ్యానును మాడ్చివేయునను భయము వట్టిది. ఫ్యాను తనకు కావలసినంతయే తీసికొనును. అడాప్టరుపై ముద్రించిన ఆంపియర్లు అది ఇయ్యగలిగిన గరిష్ఠ పరిమాణము మాత్రమే.

ఒత్తిడి విషయమున మాత్రము అట్టి సౌలభ్యము లేదు. 12 వోల్టుల ఫ్యానుకు 12 వోల్టులే కావలెను. పాత ల్యాప్‌టాపు చార్జరు చూచుటకు దృఢముగానే యుండును గాని, అది సాధారణముగా 19 వోల్టుల నిచ్చును. దానికి కలిపిన ఫ్యాను కొంతసేపు భీకరముగా తిరిగి ఆగిపోవును. 9 వోల్టుల అడాప్టరుకు కలిపినచో వేగము తగ్గును, చప్పుడును తగ్గును. పడుకొను గదిలో కొందరు కోరి అట్లు చేయుదురు, దానిలో తప్పు లేదు. 5 వోల్టుల సెల్‌ఫోను చార్జరుకు కలిపినచో మందముగా తిరుగవచ్చును, అసలు కదలకయే యుండవచ్చును. బరువైన పాతకాలపు ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరులతో మరియొక చిక్కు కలదు. వానిలో కొన్నిటిపై 12 వోల్టులని యున్నను, చిన్న ఫ్యాను వంటి తేలిక బరువును మోయునప్పుడు 15, 16 వోల్టుల వరకు పలుకును. మల్టీమీటరుతో కొలిచి చూచుటయే మేలు. అవుట్‌పుట్ యెదుట ‘ఏ.సి.’ అని యున్న అడాప్టరు ఈ పనికి బొత్తిగా పనికిరాదు.

ఇక తీగలు. రెండు తీగల ఫ్యానులో ఎరుపు ధనము, నలుపు ఋణము. మూడు తీగలున్నచో మూడవది, సాధారణముగా పసుపుపచ్చనిది, ఫ్యాను వేగమును కంప్యూటరుకు తెలుపుటకే యున్నది, దానిని కలుపనక్కరలేదు. నాలుగు తీగల ఫ్యానులలో రంగులు మోసపుచ్చును. వానిలో చాలవాటికి నలుపు ఋణము కాగా పసుపుపచ్చనిదే ధనము; ఆకుపచ్చనిది వేగము తెలుపునది, నీలము వేగమును అదుపుచేయునది. కావున రంగును నమ్ముటకంటె, ప్లగ్గులోని గడులను మొదటినుండి లెక్కించుట మంచిది: మొదటిది ఋణము, రెండవది ధనము. ఈ ఫ్యానులలో ఎలెక్ట్రానిక్ వలయముండుటచే తీగలు తారుమారైనచో వెనుకకు తిరుగవు. అసలు తిరుగవు, చెడిపోవుటయు కలదు. అడాప్టరు కొసనున్న గుండ్రని ప్లగ్గులో లోపలి భాగము ధనమా, వెలుపలి భాగము ధనమా యని తెలుపు చిన్న బొమ్మ అడాప్టరుపైననే యుండును.

ఒకటికంటె ఎక్కువ ఫ్యానులను కలపదలచినచో, ఎర్ర తీగలన్నిటిని ఒకచోటను, నల్ల తీగలన్నిటిని ఒకచోటను చేర్చవలెను. అప్పుడు ప్రతి ఫ్యానుకును 12 వోల్టులు అందును, ఆంపియర్లు మాత్రము కూడును. 0.15 ఆంపియరు ఫ్యానులు మూడైనచో 0.45. కదలబోవునప్పుడు ఫ్యాను కొంత యెక్కువ కరెంటును కోరును గనుక, లెక్కకు వచ్చినదానికి రెట్టింపు శక్తిగల అడాప్టరు, అనగా 1 ఆంపియరుది, నిశ్చింతగా సరిపోవును. ఒకదాని తోకకు మరియొకదానిని ముడివేసి 24 వోల్టుల కిచ్చుట యుక్తము కాదు. రెండును సమానముగా పంచుకొనునను నమ్మకము లేదు.

ముడులను మెలిపెట్టి వదలివేయక టంకము పెట్టించవలెను, లేదా స్క్రూలుగల కనెక్టరులో బిగించవలెను. రెండు ముడులు ఒకే యెదుట పడకుండ, ఒకటి కొంత ముందు, ఒకటి కొంత వెనుక నుండునట్లు తీగలను కోసినచో, టేపు ఊడినను అవి ఒకదానికొకటి తగులవు. అడాప్టరును పగులగొట్టి లోపలి భాగమునకు తీగలు కలుపుట ప్రాణాపాయము. అందు 230 వోల్టులు గలవు. కొనునప్పుడు భారత ప్రమాణముల సంస్థ నమోదు సంఖ్య, ‘ఆర్’ అక్షరముతో మొదలగునది, ముద్రితమైయున్నదేమో చూడవలెను. చవుక అడాప్టరులలో 230 వోల్టుల భాగమునకును 12 వోల్టుల భాగమునకును నడుమ నుండవలసిన ఎడము సరిగా నుండకపోవచ్చును. అట్టిచో మనము నిర్భయముగా తాకు తీగయే ప్రాణము తీయవచ్చును.

ఇన్వర్టరు బ్యాటరీయు 12 వోల్టులదే గదా, కరెంటు పోయినపుడు దానికే కలుపుదమని కొందరు తలంతురు. 12 వోల్టులు షాకు కొట్టవు, నిజమే. కాని ఆ బ్యాటరీ, రెండు తీగలు తగులుకొనినచో, వందలకొలది ఆంపియర్లను ఒక్క క్షణమున క్రుమ్మరింపగలదు. సన్నని తీగ ఎర్రగా కాలి తొడుగు అంటుకొనును. ధనాగ్రమునకు మిక్కిలి దగ్గరలో 1 ఆంపియరు ఫ్యూజు లేకుండ తీగను బ్యాటరీకి తాకింపరాదు. అదిగాక, చార్జి యగుచున్నప్పుడు బ్యాటరీ 14 వోల్టులు దాటును. అది చాల ఫ్యానులకు ఓర్వదగిన హద్దుకు మించినది. 12 వోల్టులను స్థిరముగా నిలుపు చిన్న రెగ్యులేటరు నడుమ నుండుట అవసరము.

కరెంటు ఖర్చు సంగతి వినిన సంతోషము కలుగును. 12 వోల్టులను 0.15 ఆంపియరుతో హెచ్చించిన 1.8 వాట్లు. అడాప్టరు తినునది విడిచిపెట్టినచో, రేయింబవళ్ళు తిరిగినను ఈ ఫ్యాను నెలకు 1.3 యూనిట్లను వాడును. 75 వాట్ల పాత సీలింగు ఫ్యాను ఒక్క దినము నిలుపక తిరిగినచో 1.8 యూనిట్లగును.

అంత తక్కువ తినునది అంత తక్కువ పనియే చేయునని మరువరాదు. ఫ్యాను చల్లదనమును పుట్టింపదు. ఒకచోటి గాలిని మరియొకచోటికి నెట్టును. గూటిలో చిక్కువడిన వేడిగాలిని వెడలించి గదిలోని గాలిని తెచ్చును. గదియే 42 డిగ్రీలున్నచో రూటరు అంతకు దిగువకు చల్లబడదు. అయినను గూటిలో 60 డిగ్రీలున్నదానిని గది వేడికి చేరువగా దించుట స్వల్పమైన మేలు కాదు. వేడిగాలి పైకి పోవును గనుక, ఫ్యానును గూటి పైభాగమున వెలుపలికి వీచునట్లు బిగించి, క్రింద గాలి వచ్చుటకు త్రోవ విడువవలెను. ఫ్యాను చట్రపు కమ్ములు ఏ వైపున నున్నవో సాధారణముగా ఆ వైపునకు గాలి వెడలును. వీధి వాకిళ్ళ దుమ్ము రెక్కలపై పేరుకొనును. నెలకొకమారు ప్లగ్గు తీసి, రెక్కను వ్రేలితో పట్టుకొని, కుంచెతో తుడువవలెను. ఇంట పసిపిల్లలున్నచో జాలి తప్పక బిగింపవలెను.

మనుష్యుల విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. గాలి వేడిమి 40 డిగ్రీలు దాటినచో, ఫ్యాను గాలి శరీరమును చల్లబరచుటకు మారుగా వేడి యెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. వృద్ధులను, పసివారిని రేకుల గదిలో ఫ్యాను క్రింద విడిచి పొలమునకు పోవుట క్షేమము కాదు. ఒడలికి తడిబట్ట, మాటిమాటికి త్రాగుటకు నీరు, చెట్టు నీడనో మిద్దె యింటిలోనో తావు, ఇవి ముఖ్యము.

మార్కాపురమున ఈ చిన్న ఫ్యానును గూర్చి మేము మరియొక మాట ప్రత్యేకించి చెప్పవలసియున్నది. తరతరములు బడిపిల్లల చంక నుండిన పలక ఆ ఊరి పేరును దేశమంతట చాటినది. పలకరాతిని కోయునప్పుడును, అంచులు రుద్దునప్పుడును రేగెడి దుమ్ములో కంటికి కనబడనంత సన్నని స్ఫటిక ధూళి కలదు. అది ఊపిరితిత్తులలో చేరి గట్టిపడి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానిని నయము చేయు మందు లేదు. మధ్యప్రదేశములోని మందసౌర్‌లో పలక బలపములను కోసెడి కార్మికులు యౌవనముననే ఈ వ్యాధికి గురియైరి. వారి సంక్షేమనిధికై ఆ రాష్ట్రము 1982లో ప్రత్యేక శాసనమునే చేసెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధిని అధికారులకు విధిగా తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది.

ఇట్టి పనిచోట కోతయంత్రము చెంత ఒక కంప్యూటరు ఫ్యానును నిలిపి, దుమ్ము బాధ తీరినదని తలచుట మిక్కిలి ప్రమాదకరము. రెండు వాట్ల గాలి ఆ దుమ్మును లాగి వెలుపల పారవేయలేదు. నా ముక్కు నుండి తప్పించి ప్రక్కవాని ముక్కునకు చేర్చును, అంతే. కంటికి కనబడు దుమ్ము తొలగుటచే ధైర్యము పెరుగును, కనబడనిది గాలిలో నిలిచియే యుండును. అక్కడ కావలసినది కోయుచోట నీటి ధార, దుమ్ము పుట్టిన తావుననే దానిని పీల్చివేయు మూతి, గొట్టము, బలమైన యంత్రము. వీనిని అమర్చుట యజమాని బాధ్యత. కూలివాడు తన జేబునుండి చేసికొనదగిన పని కాదు.

చివరగా, రేడియో వినువారికొక సూచన. నేటి తేలికపాటి అడాప్టరులు లోపల విద్యుత్తును క్షణమునకు వేలమారులు తెంచి కలుపుచు పనిచేయును. ఆ కదలిక వలన మీడియం వేవు కార్యక్రమముల నడుమ బురబురమను రొద వినవచ్చును. ఎఫ్.ఎం.లో ఇది అంతగా తెలియదు. క్రొత్తగా ఫ్యాను బిగించిన నాటినుండి రేడియో సరిగా పలుకకున్నచో, ముందు ఆ ప్లగ్గును తీసి చూడవలెను. రొద ఆగినచో కారణము అదియే. అడాప్టరును రేడియోకు ఆరడుగుల దూరమున నుంచి, ఎరుపు నలుపు తీగలను జడవలె మెలివేసినచో చాలవరకు తగ్గును. మీడియం వేవు రేడియోలోపల నుండు ఏంటెనా కడ్డీకి దిక్కు పట్టింపు కలదు గనుక, పెట్టెను మెల్లగా త్రిప్పి రొద సన్నగిల్లు వైపున నిలుపవచ్చును. అప్పటికిని ఆగనిచో, వార్తలు వినునంతసేపు ఫ్యానును ఆపివేసిన చాలును. పావుగంటలో రూటరునకేమియు కాదు.